దూది గడ్డం కెప్టెన్

స్కూలు వదిలేశాక క్రాఫ్టు గది. బల్ల మీద అట్టముక్కలతో చేసిన పెద్ద ఓడ, దాని పక్కన క్రాఫ్టు టీచరు. గుమ్మంలో నాలుగో తరగతి పిల్ల తండ్రి.

“కాదు కాదు, మీరు ముందు లోపలికి రండి. అలా గుమ్మంలో నిలబడి మాట్లాడుతుంటే నాకేదో నేరం చేసినట్టుంది.”

“చేతులకి గ్రీజుందండీ. టైర్ల షాపు నుంచి ఇటే వచ్చేశాను.”

“ఈ గదిలో మరక లేని చోటు ఒక్కటి చూపించండి, మీకు బహుమతి ఇస్తాను. కూర్చోండి. అయ్యో, ఆ స్టూలు కాదు, దానికి కాలు సరిగా లేదు. ఇది తీసుకోండి.”

“పర్లేదండీ, నిలబడతాను. మా పాప, పిచ్చుకేదండీ?”

“గ్రౌండులో ఆడుకుంటోంది. ఆయమ్మ చూస్తోంది లెండి. మన మాటలు తను వినకూడదని నేనే పంపించాను. హెడ్మాస్టరుగారు ఫోన్లో మీకేం చెప్పారు?”

“ఏదో ఓడ గురించి గొడవన్నారు.”

“గొడవట! చూడండి ఆయన మాట! నెల్రోజుల నుంచి పిల్లలు ప్రాణం పెట్టి చేశారండీ. టైటానిక్ గురించి పుస్తకంలో చదవమంటే అందరూ ఆవలింతలే. అదే ఓడ చేద్దాం రండి అంటే బెల్లు కొట్టినా ఇంటికి పోరు. బెలూన్లో నీళ్ళు పోసి, గడ్డకట్టించి మంచుకొండ చేశాం. టబ్బులో వేస్తే పైకి ఇంతే కనబడింది, మిగతాదంతా కిందే. ఒక్కొక్కళ్ళ కళ్ళు చూడాలి మీరు! రేకు కాగితంతో పడవలు మడిచి, మునిగేదాకా గుండీలు వేశాం...”

“మునిగేదాకానా?”

“అంటే... ఎంత బరువు మోస్తుందో తెలియాలి కదా. తప్పా?”

“తప్పని నేనన్నానా?”

“మీ మొహం అంటోంది.”

“నా మొహమే అంతండీ. మీరు చెప్పండి.”

“తర్వాత చీటీలు తీయించాను. చీటీకొక మనిషి. వంటవాడు, బొగ్గు వేసేవాడు, వయొలిన్ వాయించేవాడు, అలాగ. ఎవరి మనిషిని వాళ్ళు చేసుకొచ్చి ఓడలో పెట్టాలి. పెట్టి, చివరికి ఆ మనిషికి ఏమైందో క్లాసుకి చెప్పాలి. మీ అమ్మాయికి... నిజం చెప్పాలంటే చీటీలో రాలేదండీ. కెప్టెన్ని నేనే ఇచ్చాను. ‘మా నాన్న ఇదివరకు పడవ నడిపేవాడు టీచర్’ అని ఎంత గొప్పగా చెప్పిందో! సంతోషపడుతుంది కదా అని ఇచ్చాను. బుద్ధి గడ్డి తిని ఇచ్చాను.”

“గొప్పగా చెప్పిందా?”

“మరి? క్లాసంతా వినేలా చెప్పింది. అప్పుడే ఆ వెనక బెంచీవాడు నోరు జారాడు. వాళ్ళ మావయ్యది మీ పాత ఊరట.”

“ఏమన్నాడు?”

“వదిలెయ్యండి, చిన్నపిల్లాడు.”

“చెప్పండి టీచరుగారూ. నేను విననిదేం కాదు.”

“‘వీళ్ళ నాన్న జనాన్ని ముంచేసి, తనొక్కడూ ఈదుకుని పారిపోయాడు’ అన్నాడు. వాణ్ణి చెడామడా తిట్టాననుకోండి. ఏం లాభం? మాట బయటికొచ్చేశాక.”

“అందుకా...”

“ఏంటండీ?”

“ఏం లేదు. వారం నుంచి నా పక్కన కూర్చుని తినట్లేదు. కంచం పట్టుకుని మా అక్క దగ్గరికి పోతోంది. ఒంట్లో బాలేదేమో అనుకున్నా.”

“మరి అడగలేదా?”

“అడిగితే చెప్పేస్తుందేమోనని అడగలేదు.”

“బాగుందండీ మీ వరస! సరే, ఇటు రండి. ఇదుగో, ఓడ పై గదిలో చూడండి, మీ అమ్మాయి చేసిన కెప్టెన్. సీసా బిరడాకి దూదితో గడ్డం పెట్టింది. ఎంత ముద్దుగా ఉందో కదా! మిగతావాళ్ళు బొమ్మల్ని ఊరికే నిలబెట్టారు, తీస్తారు, పెడతారు, ఆడుకుంటారు. ఇది మాత్రం డబ్బాలో జిగురంతా పోసి అంటించేసింది. తలుపుకి అడ్డంగా అగ్గిపుల్లలు కూడా. ‘ఎందుకే తల్లీ’ అంటే, ‘కెప్టెన్ బయటికి రాకూడదు టీచర్’ అంది.”

“బాగా చేసింది.”

“ఏం బాగా! హెడ్మాస్టరుగారు చూసి హడలిపోయారు. రేపు తల్లిదండ్రులందరూ వచ్చి చూస్తారు కదా. వెంటనే పీకి పారెయ్యమన్నారు. నేనే ఆగమన్నాను. ముందు మిమ్మల్ని పిలిచి, నా వల్ల పొరపాటైందని చెప్పుకుని, మీ ముందే తీస్తానన్నాను. ఇదుగో కత్తెర. ఈ తలుపు తెరిచి, ఈ పెద్దాయన్ని ఆ చిన్న పడవలో కూర్చోబెడతాను. కెప్టెన్ కూడా మనిషేనర్రా, బతకడం తప్పు కాదు అని పిల్లలకి చెప్తాను. సరేనా?”

“తియ్యొద్దు.”

“అదేంటండీ!”

“ఉండనివ్వండి. అలాగే ఉండనివ్వండి.”

“మీ కోసమేనండీ నేను...”

“తెలుసు. మంచి మనసుతోనే అంటున్నారు. ఆ కత్తెర పక్కన పెట్టండి, మీకు దణ్ణం పెడతాను.”

“ఆ పడవ మునిగినప్పటి విచారణలో మీ తప్పేం లేదన్నారట కదా, హెడ్మాస్టరుగారు చెప్పారు. గాలి తిరగబడిందట.”

“అన్నారు. కాగితం మీద అన్నారు. మనుషులు అనొద్దూ?”

“మరి అదే పిల్లకి చెప్పుకోవచ్చు కదా! పోనీ నేను చెప్పనా? తెలివైన పిల్ల, అర్థం చేసుకుంటుంది.”

“అర్థం చేసుకుని, తర్వాత ఏమడుగుతుంది?”

“ఏమడుగుతుంది?”

“‘గాలి అయితే గాలే, మరి నువ్వెందుకు దూకేశావు నాన్నా’ అంటుంది. మీరైతే అడగరా?”

“నేనా? నేనెందుకు...”

“అడగండి, పర్లేదు.”

“ఎందుకు దూకారండీ?”

“తనుంది పడవలో.”

“ఎవరు?”

“పిచ్చుకండీ. అప్పుడు మూడేళ్ళది. వాళ్ళమ్మమ్మకి చూపిద్దామని అవతలి ఒడ్డుకి తీసుకెళ్తున్నా. ఇద్దరూ నా వెనకాలే కూర్చున్నారు.”

“ఇద్దరూ అంటే? వాళ్ళమ్మ జ్వరమొచ్చి పోయిందని కదా తను చెప్తుంది!”

“మేం చెప్పిందే చెప్తుంది.”

“అయ్యో దేవుడా.”

“పడవ ఒరిగింది. వెనక్కి తిరిగేసరికి ఇద్దరూ నీళ్ళలో ఉన్నారు. చుక్కాని వదిలేసి దూకేశాను. ఇద్దరూ నాకు అందేంత దగ్గరలోనే ఉన్నారు టీచరుగారూ. ఒక చెయ్యి ఈతకి కావాలి కదండీ.”

“కూర్చోండి. నా మాట విని కూర్చోండి. కాసిని నీళ్ళు తాగండి.”

“వద్దండీ.”

“ఇంత కడుపులో పెట్టుకుని... ఈ మాట తెలిస్తే ఆ పిల్ల మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటుంది కదండీ!”

“నన్ను పెట్టుకుంటుంది. వాళ్ళమ్మ సంగతో? ‘నాన్న నన్ను పట్టుకోబట్టే అమ్మ పోయింది’ అనుకుంటుంది. పొద్దున లేస్తే అదే అనుకుంటుంది. ఇప్పుడైతే నా మీద కోపం. కోపానికేముంది, తిట్టుకుంటుంది, నేను పడతాను. ఆ ఇంకోటి నేను పడేది కాదు. తనే పడాలి.”

“మరి ఆ పిల్లాడి మావయ్య? ఆయనకి తెలియదా మీ ఇంటావిడ సంగతి?”

“పారిపోయిన డ్రైవరు అందరికీ గుర్తుంటాడండీ. పోయినవాళ్ళెవరో ఎవరింటివాళ్ళకి వాళ్ళే గుర్తుపెట్టుకోవాలి.”

“బతికినన్నాళ్ళూ మిమ్మల్ని పిరికివాడనే అనుకుంటే?”

“అనుకోనివ్వండి. అనుకోడానికి తనుంది కదా.”

“నా వల్ల కాదండీ. ఇది తెలిశాక ఆ పిల్ల మొహం చూస్తూ రోజూ...”

“అవుతుంది. ఒట్టెయ్యండి. ఈ ఊళ్ళో మా అక్కకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మీరు కత్తెర పట్టుకోకపోతే మీకూ చెప్పేవాణ్ణి కాదు.”

“...ఒట్టు. ఒట్టండీ.”

“టీచర్! టీచర్! బంతి గేటవతల పడింది, ఆయమ్మేమో నన్ను వెళ్ళనివ్వట్లేదు... నాన్నెందుకొచ్చాడు?”

“రామ్మా, పరిగెత్తకు. నీ ఓడ చూడ్డానికొచ్చారు.”

“కెప్టెన్ని తీసెయ్యమన్నాడా?”

“లేదు తల్లీ. ఉంచమన్నారు.”

“నిజంగానా?”

“నిజంగానే పిచ్చుకా. గడ్డం బాగా కుదిరింది.”

“నేను టీచర్ని అడుగుతున్నాను.”

“నిజంగానే అమ్మా.”

“ఆయన మంచోడు కదా టీచర్? అందరూ మునిగిపోతుంటే తనొక్కడూ బయటికి రాలేదు.”

“...అవునమ్మా. మంచోడే.”

“అందుకే ఆయన్ని ఎవ్వరూ ఏమీ అనరు కదా?”

“అనరు.”

“వాళ్ళ పిల్లల్ని కూడా అనరు కదా?”

“టీచరుగారికి పనుంది, పద పిచ్చుకా. అత్త ఎదురుచూస్తుంటుంది. సంచీ నాకివ్వు.”

“నేను మోస్తాలే. నాన్నా.”

“ఊఁ?”

“ఆ వెనక బెంచీవాణ్ణి నేను కొరికాను. ఇంకెవరైనా అంటే వాళ్ళనీ కొరుకుతాను. కానీ ఎంతమందిని కొరకను? నువ్వూ ఆ పడవలోనే ఉండిపోవాల్సింది నాన్నా, అప్పుడు నిన్ను కూడా అందరూ మంచోడనేవాళ్ళు.”