మనిషి దిగనక్కర్లేని దవడ

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదో సంవత్సరం జూలై నెల నాలుగో తేదీ, సోమవారం ఉదయం, బండరాళ్ళను కంకరగా మార్చే యంత్రాలను నిర్మించే మన కర్మాగారంలో, డ్రాయింగు విభాగపు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉద్యోగ జీవితాన్ని ఆరంభించిన యువతియే, సుదీర్ఘమూ అవిచ్ఛిన్నమూ అయిన సేవానంతరం ఈ నెలాఖరున ప్రధాన రూపకల్పనాధికారిణిగా పదవీ విరమణ చేస్తున్న మన గౌరవనీయ సహోద్యోగిని. వారి విద్యార్హతలూ, పదోన్నతులూ, అందుకున్న ప్రశంసలూ ఈ సంచిక మొదటి పుటల్లో సక్రమంగా అచ్చయ్యాయి కనుక నేను వాటి జోలికి పోను. నేను పోత విభాగం వాణ్ణి. కరిగిన ఇనుముతో వేగడం తెలుసు గానీ మనుషులను పొగడటం నాకు చేతకాదని సంపాదకవర్గానికి మొరపెట్టుకున్నాను. "ఆవిడతో అందరికంటే ఎక్కువ పోట్లాడింది మీరే, కాబట్టి మీరే రాయాలి" అన్నారు. ఆ మాట కాదనలేకపోయాను.

ఈ సంచికను ఇంటివారు కూడా చదువుతారు గనుక యంత్రం గురించి రెండు ముక్కలు చెప్పడం అవసరం. దానికి రెండు ఇనుప దవడలుంటాయి. ఒకటి కదలకుండా నిలబడితే, రెండోది దాని మీదికి వచ్చి నములుతుంది. పైన వేసిన బండ కింద కంకరై రాలుతుంది. దవడలకు తొడిగే పలకలకు పళ్ళుంటాయి, ఆ పళ్ళు ఎప్పుడూ కింది భాగంలోనే ముందు అరుగుతాయి. అప్పట్లో పై సగం నవనవలాడుతుండగానే పలక మొత్తాన్ని పారేసేవారు. ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడు ఆమె ఒక కాగితం చుట్టను చంకన పెట్టుకుని మా పోత విభాగానికి వచ్చారు.

"అన్నయ్య గారూ, ఈ పలకను పైకీ కిందికీ ఒకేలా పోయగలరా?"

"పోస్తే ఏమొస్తుందమ్మా?"

"కింద అరిగాక తిరగేసి బిగించుకుంటారు. ఒక్క పలక రెండింటి పెట్టు అవుతుంది."

"నువ్వు పెన్సిలుతో గీసేస్తావు తల్లీ. నా అచ్చులన్నీ మళ్ళీ చెక్కించుకోవాలి. ఆ సంగతి తెలుసా?"

"తెలుసు కాబట్టే ఎండన పడి వచ్చి బతిమాలుతున్నాను. లేకపోతే కాగితం పంపించేసి ఊరుకునేదాన్ని."

గొణుక్కుంటూనే అచ్చులు చెక్కించాను, పలక పోశాను. అది తిరగబడి మళ్ళీ నమిలింది. ఆనాటి నుంచి ఈ కర్మాగారంలో ఆమెకు 'పళ్ళ డాక్టరమ్మ' అన్న పేరు స్థిరపడింది. మేనేజరు గారి గదిలో కూడా ఆ పేరే నడిచింది, అలా పిలిస్తే ఆమె కూడా పలికేవారు.

తరువాతి కాలంలో వారు చేసిన యుద్ధం మరింత విచిత్రమైనది. కదిలే దవడను వెనక నుంచి నెట్టే పలక ఒకటుంటుంది. దాన్ని బుద్ధిపూర్వకంగానే బలహీనంగా చేస్తారు. రాళ్ళ మధ్య ఏ ఇనుప ముక్కో పడి దవడ నమలలేక బిగుసుకున్నప్పుడు, ఆ పలక తాను విరిగి మిగిలిన యంత్రాన్ని కాపాడాలి. కొన్నవారికి ఈ ధర్మసూక్ష్మం ఒక పట్టాన ఎక్కదు. విరిగింది గనుక నాసిరకమని తీర్మానించి, ఇంతలావు పట్టీ వెల్డింగు చేయించి పెట్టుకునేవారు. అమ్మకాల విభాగంలోని పెద్దమనిషి ఒకనాడు నిండు సమావేశంలో "ఎదుటి కంపెనీ పలక విరగనే విరగదటమ్మా, మనం మాత్రం ఎందుకు అప్పడాల్లాంటివి ఇవ్వాలి?" అని నిష్ఠూరమాడారు. "పలక విరగదండీ, దవడను ఆడించే షాఫ్టు విరుగుతుంది. పలక మార్చడం ఒక పూట పని. షాఫ్టు విరిగితే ఆ యజమాని మళ్ళీ మీ గుమ్మం తొక్కుతాడా?" అని ఆమె అడిగారు. పెద్దమనిషి కాఫీ చల్లారిపోతోందన్న మిషతో లేచి వెళ్ళిపోయారు. పలకను బలపరచాలన్న ప్రతిపాదన మళ్ళీ రాలేదు.

ఇక వారి కుటుంబ జీవితాన్ని ప్రస్తావించక తప్పదు, ఎందుచేతనంటే వారి అత్యుత్తమ కృషి ఇంటిలోనే పుట్టింది. యంత్రాలను క్వారీలకు తీసుకువెళ్ళి నిలబెట్టి, చెడితే బాగుచేసి వచ్చే బృందానికి నాయకుడైన పెద్ద ఫిట్టరు గారిని వారు వివాహమాడారు. బడికి వెళ్ళే వయసులో ఉన్న మరిదిని కన్నబిడ్డలా సాకి, పెద్దవాణ్ణి చేశారు. అతడూ అన్నగారి బృందంలోనే ఫిట్టరయ్యాడు. కంపెనీ క్వార్టర్లలో వారి వంటింటికీ మా వంటింటికీ మధ్య ఒకే గోడ. అందువల్ల నేను రాస్తున్నది కొంత కన్నది, కొంత విన్నది.

పెద్ద ఫిట్టరు గారికి ఒక విద్యలో సాటి లేదు. దవడల మధ్య బండ ఇరుక్కుని యంత్రం ఆగిపోతే, ఎవరో ఒకరు ఆ నోట్లోకి దిగి, గడ్డపారతో బండను పెకలించాలి. ఆయన దిగితే గంట పని పావుగంటలో అయ్యేది. ఫిట్టర్లలో ఒక కట్టుబాటు ఉండేది: లోపలికి దిగే మనిషి మోటారు ఫ్యూజులను స్వయంగా పీకి, తన చొక్కా జేబులోనే వేసుకుని దిగాలి, వాటిని కన్నతండ్రి చేతిలో కూడా పెట్టకూడదు. ఫ్యూజు జేబులో ఉంటే ప్రాణం జేబులో ఉన్నట్టేనని వారి నమ్మకం. ఒకనాడు ఆ నమ్మకం వమ్మయింది. ఫ్యూజులు జేబులో భద్రంగానే ఉన్నాయి, కరెంటు లేదు, అయినా బండ సడలగానే దవడ ఒక్కసారి మూసుకుంది. ఆయన కాలు లాగేసుకున్నారు. బూటు మాత్రం నలిగి అట్ట ముక్కయింది, చీలమండ దెబ్బతింది.

ఆ సాయంత్రం గోడ అవతలి నుంచి మాటలు వినిపించాయి.

"కరెంటు లేకుండా ఎలా కదిలిందో తెలుసా మీకు? దవడను ఆడించే పెద్ద చక్రానికి ఒక పక్క బరువుంటుంది. ఆ బరువు పైన ఉండగా ఆగిపోయింది. బండ వదలగానే కిందికి దొర్లింది. దానికి మీ ఫ్యూజులతో పనేంటి?"

"బూటేగా పోయింది! కాలు ఉందిగా. దిష్టి పోయిందనుకో."

"దిష్టా! నా గుండె ఆగినంత పనైందండీ!"

అటుపిమ్మట ఆమె అహోరాత్రాలు శ్రమించి, దవడ వెనక ఉండే కదలని దిమ్మకు బదులు ఆయిల్ జాకీని అమర్చే పద్ధతిని రూపొందించారు. బండ ఇరుక్కుంటే మనిషి బయటే నిలబడి మీట తిప్పితే చాలు. దవడ వెనక్కి జరుగుతుంది, నోరు వెడల్పవుతుంది, బండ దానంతటదే కిందికి జారిపోతుంది. అంతవరకూ చక్రం దొర్లకుండా ఒక లావుపాటి చీల పట్టుకుని ఉంటుంది. నమూనా నిర్దోషంగా పనిచేసింది. కానీ కొనేవాడు లేడు. కావాలన్నవారికి అదనపు ఖరీదుకు ఇద్దామని యాజమాన్యం నిర్ణయిస్తే, క్వారీ యజమానులందరిదీ ఒకటే సమాధానం: "మీ పెద్ద ఫిట్టరు పావుగంటలో పీకేస్తుంటే మాకీ జాకీలెందుకమ్మా?" ఎంత దారుణమో చూడండి. భర్త ప్రాణం నిలపడానికి భార్య చేసిన పరికరం, ఆ భర్త నైపుణ్యం వల్లనే అమ్ముడుపోవడం లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడకు ఇంటి దగ్గరే దారి మూసుకుపోయింది. దిగనని ఒక్క మాట అనమని ఆమె ఆయన్ను ఎన్ని విధాల వేడుకున్నారో నాకు తెలుసు. "నేను దిగనంటే ఇక నేనెందుకే, నా పేరెందుకు?" అని ఆయన విసుక్కునేవారు. నాకు ఆయన మీద చాలా కోపం వచ్చేది, ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది.

ఇట్టి పరిస్థితిలో, ఒక పెద్ద క్వారీలో మా పోత ఒకటి బీటలు వారిందని కబురొస్తే నేను వెళ్ళాను. జాకీ సంగతి యజమానికి మరొక్కసారి నచ్చజెప్పాలని ఆమె కూడా వచ్చారు. మేము అక్కడ ఉండగానే పక్క యంత్రంలో బండ ఇరుక్కుంది. పెద్ద ఫిట్టరు గారూ, తమ్ముడూ అక్కడే పనిలో ఉన్నారు.

"కానివ్వండి మేస్త్రీ, లారీలు వరసకట్టాయి" అన్నాడు యజమాని.

ఆయన ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నారు. ఇనుప నిచ్చెన ఎక్కుతుంటే చీలమండ మడతపడింది, పళ్ళు బిగబట్టి కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. చెప్పవలసిందంతా చెప్పి చెప్పి ఆమె ఏనాడో అలసిపోయి ఉన్నారు. అప్పుడు వెనకాలే ఎక్కిన తమ్ముడు అన్నగారి జేబులో చెయ్యి పెట్టి ఫ్యూజులు తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

"నీ కాలు బాలేదన్నయ్యా, నువ్వుండు. నేను దిగుతా."

అతను ఒక కాలు దవడ అంచు దాటించాడు. పెద్ద ఫిట్టరు గారు తల ఎత్తి చక్రం వంక చూశారు. బరువున్న పక్క సరిగ్గా పైనే ఉంది. ఎన్ని నోళ్ళలోకో నిర్భయంగా దిగిన ఆ మనిషి ముఖం పాలిపోవడం నేను మొదటిసారి చూశాను. తమ్ముడి కాలరు పట్టుకుని వెనక్కి లాగారు.

"దిగకు రా!"

"అదేంటన్నయ్యా, ఫ్యూజులు నా దగ్గరేగా ఉన్నాయి!"

"ఆ రోజు నా దగ్గరా ఉన్నాయి రా. ఏం చేశాయి?" అని, నిచ్చెన మీద నుంచే ఆమె వైపు తిరిగి, అంతమందీ వింటుండగా, "నువ్వు చెప్తే నా బుర్రకెక్కలేదు. వీడు కాలు పెడితే ఎక్కింది" అన్నారు.

"మరి నా రాయి సంగతేంటయ్యా?" అని యజమాని గుడ్లురిమాడు.

"చక్రాన్ని గొలుసులతో కట్టేసి, పైనుంచి కప్పీ వేసి లాగుతాం. రేపటికవుతుంది. అప్పటిదాకా ఆగలేనంటే మీరే దిగండి. మావాళ్ళెవరూ దిగరు. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ దిగరు."

యజమాని దిగలేదనుకోండి. పళ్ళ డాక్టరమ్మ మాత్రం పక్కనున్న కంకర కుప్ప మీద కూలబడి, చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చారు. మరిది నిచ్చెన దిగివచ్చి "వదినా, ఏడవకు వదినా, నేను దిగలేదుగా" అంటూ ఆమె ముందు నిలబడిపోయాడు. నేను బీటలు వారిన పోతను చూసే నెపంతో అవతలికి తిరిగాను.

ఆ వారంలోనే ఫిట్టర్లందరూ ఏకగ్రీవంగా మేనేజరు గారి గదికి వెళ్ళి, పెద్దాయన దిగని నోట్లోకి తామూ దిగమని చెప్పేశారు. దిగే మనిషి దొరకకపోయేసరికి జాకీ విలువ క్వారీలకు తెలిసివచ్చింది. ఏడాది తిరక్కుండా యాజమాన్యం ఆ అమరికను ప్రతి యంత్రంలోనూ అంతర్భాగం చేసింది. అంతటితో తృప్తి చెందక, అప్పటికే అమ్మిన పాత యంత్రాలన్నింటికీ దానిని తగిలించే బాధ్యతను ఆమె స్వచ్ఛందంగా స్వీకరించి, చేతిసంచీ, హెల్మెట్టు పట్టుకుని క్వారీ క్వారీకీ తిరిగారు. ఆ జాకీలను బిగించిన పెద్ద చెయ్యి పెద్ద ఫిట్టరు గారిదే. మీట కుడివైపు ఉండాలా ఎడమవైపు ఉండాలా అన్న తగవు మా వంటింటి గోడకు చాలా కాలం వినిపించింది. చివరికి ఆయన మాటే నెగ్గింది, అదే సరైనదని డ్రాయింగు మీద ఆమె సంతకం చేశారు. తదనంతరం దుమ్ము పైకి లేవకుండా వారు రూపొందించిన మూతలూ, నీటి జల్లు అమరికా కూడా ఎందరి ఊపిరితిత్తులనో కాపాడుతున్నాయి.

సాధారణంగా ఒక విద్య అంతరించిపోతే మనం విచారిస్తాం. పోయిన నెలలో కొత్తగా చేరిన ఫిట్టర్లను నేను ఊరికే అడిగాను: "బండ ఇరుక్కుంటే లోపలికి ఎవరు దిగుతారర్రా?" వాళ్ళు నన్ను ఎగాదిగా చూసి, "లోపలికా? దాన్లోకి మనిషి దిగడమేంటండీ!" అని నవ్వారు. ముసలాడికి మతి తప్పిందనుకుని ఉంటారు. అనుకోనివ్వండి. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెబుతూ కళ్ళు తుడుచుకున్నాను.

ఈ వ్యాసం కోసం, పదవీ విరమణ చేసి ఇంటి దగ్గర ఉంటున్న పెద్ద ఫిట్టరు గారిని కలిసి, భార్యామణిని గురించి నాలుగు మాటలు చెప్పమని అడిగాను. "నాకు రాయడం, చెప్పడం ఏం వచ్చండీ. బతికే ఉన్నాను, మా తమ్ముడూ బతికే ఉన్నాడు. అదే రాసుకోండి" అన్నారు. రాశాను.

సన్మాన వ్యాసాల చివర ఆయురారోగ్యాలు అన్న మాటను మనం అలవాటుగా రాసేస్తాం, చదివేవారూ అలవాటుగా దాటేస్తారు. ఈ ఒక్క ఇంటి విషయంలో నేను ఆ మాటను అర్థం తెలిసి, మనసారా రాస్తున్నాను. మా చెల్లెమ్మ గారు, ఆమె కాపాడుకున్న మనుషుల మధ్యనే, కాలూ చెయ్యీ సత్తువతో, కంటి నిండా నిద్రతో, నిండు నూరేళ్ళూ చల్లగా ఉందురు గాక!