రెండు చేతుల పని

జిరాక్సు, బైండింగు దుకాణం. గోడకి 'పెట్టుబడులకు సలహాలు ఇవ్వబడును' అన్న అట్ట. మధ్యాహ్నం మూడు గంటలు. షట్టరు మూడొంతులు దించి ఉంది. కాగితాలు కోసే మెషిన్ దగ్గర ఇద్దరు: దుకాణదారు, అతని బావ.

"ఆ ఎడమచెయ్యి విరగలేదు. విరిగితే చప్పుడు వేరేగా ఉంటుంది."

"బావా... అబ్బా... బావా..."

"ఆ చెయ్యి ఇంకోసారి చక్రం మీదికి రానియ్. ఆ చప్పుడు కూడా వింటావ్."

"రాను. రానివ్వను. ముందా సుత్తి కింద పెట్టు."

"సుత్తి పెట్టేస్తే చక్రం బిగించాలనిపిస్తుంది. ఉన్న ఒక్క చేతికీ ఏదో ఒక పని చెప్పాలిగా."

"ఈ నొక్కుడు పలక కింద కుడిచెయ్యి తిమ్మిరెక్కిపోతోంది. ఒక్క చుట్టు వదులు చెయ్. అక్క మొగుడివే కదా, కాగితాలు సర్దమంటే సర్దుదామని కత్తి కింద చెయ్యి పెట్టాను."

"నేనూ అంతే. పెళ్ళాం తమ్ముడివే కదా అని నీ చేతిలో ముప్పై లక్షలు పెట్టాను. ఇప్పుడు ఆ చెయ్యి కింద ఉన్న కాగితాలేంటో చూశావా?"

"చూళ్ళేదు. బైండింగ్ అన్నావ్."

"మెడ వంచు. కనిపిస్తాయి."

"ఆ కంపెనీవి. డివిడెండ్ పడింది అని పంపిన కాగితాలు."

"ఎన్ని?"

"రెండు."

"మిగతావి?"

"తెల్లకాగితాలు. ఏమీ లేవు వాటి మీద."

"తర్వాత నాలుగు విడతలు రావాలి. రాలేదు. అందుకని తెల్లవి పెట్టాను, బైండింగ్ పల్చగా ఉంటే బాగోదని."

"నేను కావాలని చేశానా బావా? మార్కెట్టు..."

"ఆ మాట అనొద్దని ఇందాక చెప్పానా, లేదా?"

"సరే, సరే, ఆ మాట అనను. దించు. సుత్తి దించు."

"మొదట్నించీ చెప్పు. చదువురానివాడికి చెప్పినట్టు చెప్పు. మొదట ఏం కొన్నావ్?"

"ఎనిమిది కంపెనీలు, ఒక ఫండు. సబ్బులు చేసేదొకటి, పైపులు చేసేదొకటి, కరెంటు తీగలు వేసేది..."

"ఎలా ఏరావ్?"

"పదిహేనేళ్ళలో ఒక్క ఏడాదీ డివిడెండ్ ఎగ్గొట్టనివి. వచ్చిన లాభంలో సగం పంచి, సగం దాచుకునేవి. అప్పులు తక్కువున్నవి. వందకి నాలుగు వస్తుంది."

"నాలుగంటే?"

"ముప్పై లక్షల మీద ఏడాదికి లక్షా ఇరవై వేలు. నెలకి పదివేలు. ఏటా కాస్త కాస్త పెరుగుతుంది. అసలు ముట్టుకోవక్కర్లేదు."

"ఆ పదివేలు ఎవరికి?"

"తెలిసిందే కదా బావా."

"నోటితో చెప్పు."

"మీ కూతురికి, చిన్నదానికి. మీ ఇద్దరి తర్వాత. అలాంటి పిల్లల్ని చూసే హోమ్ వాళ్ళు నెలకి పదివేలడిగారు."

"దానికెన్నేళ్ళు?"

"పద్నాలుగు."

"డాక్టరేమన్నాడు?"

"బాగా చూసుకుంటే అరవై దాకా బతుకుతుందన్నాడు."

"ముద్ద కలిపి నోట్లో పెట్టాలి. మూతి తుడవాలి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఎవడు చేస్తాడు, నీ పెళ్ళాం చేస్తుందా? దానికొచ్చిన మాటలే నాలుగు. అందులో ఒకటి 'మామ'. ఏడవకు. ఎడమ చేత్తో ముక్కు తుడుచుకుని చెప్పు. తర్వాత?"

"తర్వాత... అన్నీ అమ్మేసి ఆ కంపెనీలో పెట్టాను. వందకి పద్దెనిమిది ఇస్తోందని."

"ఎందుకిస్తోంది అంత?"

"షేరు మూడొందలున్నప్పుడు ఏడాదికి పద్దెనిమిది ఇచ్చేవాళ్ళు. అంటే వందకి ఆరు. తర్వాత షేరు ధర వంద రూపాయలకి పడింది. ఇచ్చేది అదే పద్దెనిమిది. అంచేత వందకి పద్దెనిమిది అయింది."

"అంటే వాళ్ళు ఎక్కువ ఇవ్వలేదు."

"లేదు."

"ధర పడింది, అంతే."

"ఊఁ."

"ఎందుకు పడింది?"

"పది సంపాదించి పద్దెనిమిది పంచారు. ఆ ఎనిమిదికీ అప్పు తెచ్చారు."

"నీకది అప్పుడే తెలుసా?"

"తెలీదు."

"చక్రం ఎటు తిప్పితే బిగుస్తుంది? ఇటేనా?"

"తెలుసు! తెలుసు, తెలుసు! తిప్పకు! వాళ్ళ లెక్కల పుస్తకంలోనే ఉంది. చదివాను. చదివే కొన్నాను."

"ఎంతిచ్చారు నీకు?"

"ఎవరు?"

"మా తాతగారు."

"ఎవరూ ఏమీ ఇవ్వలేదు బావా. అమ్మతోడు."

"మీ అమ్మ నాకు అత్తగారు. ఆవిణ్ణి ఇందులోకి లాగకు. ఎంత?"

"లక్షన్నర. ఆ కంపెనీ తరఫున ఒకడొచ్చాడు. కొనిపించినదాన్ని బట్టి ఇంత అన్నాడు. నీ ఒక్కడిదే కాదు, ఇంకో పదిమందితో..."

"ఆ లక్షన్నరతో ఏం చేశావ్?"

"మెషిన్ కొన్నాను."

"ఏ మెషిన్ రా?"

"నా చెయ్యున్న మెషిన్."

"బాగుంది. పదునుగా ఉంది. ఇవాళ ఆ షేరు ధరెంత?"

"పదిహేడు."

"నా ముప్పై ఎంతయింది?"

"ఐదు లక్షల పదివేలు."

"చెయ్యి వాచిపోయినా లెక్క మాత్రం తప్పట్లేదు నీకు."

"బాబూ! లోపలున్నావా? షట్టరేంటి దించేశావ్?"

"పోస్టుమాస్టరు గారు బావా. రిటైరయిన డబ్బంతా నా సలహా మీదే..."

"మామూలుగా మాట్లాడు. అరిచావో, చక్రం."

"ఉన్నానండీ! కటింగ్ పనిలో ఉన్నాను! రేపు రండి!"

"ఒక్క మాట చెప్తే వెళ్ళిపోతాను. ఆ పద్దెనిమిది ఇచ్చే కంపెనీ ఉంది చూడు, ఇప్పుడు పదిహేడుకే దొరుకుతోందిట. చవగ్గా ఉంది కదా అని ఇంకో రెండు లక్షలు పెడదామనుకుంటున్నా."

"పెట్టండి మాస్టారూ, మంచి..."

"నిజం చెప్పు ఆయనకి."

"వద్దండీ!"

"పెట్టనా, వద్దా?"

"వద్దు! ఉన్నవి కూడా అమ్మేయండి!"

"కొనిపించింది నువ్వే కదయ్యా! డివిడెండ్ కాస్త ఆలస్యమైంది, వచ్చేస్తుంది అన్నావ్ మొన్ననే!"

"రాదండీ! అబద్ధం చెప్పాను! పంచడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదు! వందకి మూడో నాలుగో ఇచ్చి, ఏటా మానకుండా ఇచ్చేవాటిలో పెట్టుకోండి!"

"ఇవాళ నిజాలు మాట్లాడుతున్నావేంటి? ఒంట్లో బాగుందా?"

"మాస్టారూ, మీరొక్కసారి వంగి లోపలికి... అమ్మా! అబ్బబ్బా!"

"ఏంటా కేక?"

"ఏంలేదండీ... ఏంలేదు... మెషిన్‌లో వేలు నలిగింది."

"ఎన్నిసార్లు చెప్పాను! ఆ కత్తితో ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి తెంచుకుంటావని వీధంతా అనుకుంటున్నాం. జాగ్రత్త. సరే, అమ్మేస్తాను మరి."

"వెళ్ళిపోయాడు. విన్నావా ఏమన్నాడో?"

"బావా, వేళ్ళు నీలంగా అయిపోతున్నాయి."

"వీధంతా అనుకుంటున్నారట. బీమావాళ్ళు వచ్చి అడిగితే ఆయన అదే చెప్తాడు."

"బీమా ఏంటి? ఏ బీమా?"

"ఆస్పత్రిలో నా మంచం పక్కన కూచున్నావ్. కట్టు కట్టిన మొండి చెయ్యి చూస్తూ అన్నావ్, 'నేనూ ప్రమాద బీమా తీసుకున్నా బావా, మణికట్టు దాకా పోతే నాకూ ముప్పై, నీతో సమానం' అని. నవ్వావ్. నర్సు కూడా నవ్వింది."

"ఏదో హాస్యానికన్నాను!"

"పాలసీ హాస్యానిది కాదుగా."

"అంటే... నా చెయ్యి తెగ్గొట్టి, ఆ డబ్బు నువ్వు..."

"నాకెందుకు నీ డబ్బు? నువ్వే తీసుకుంటావ్. నువ్వే ఆ ఎనిమిది కంపెనీలూ, ఆ ఫండూ మళ్ళీ కొంటావ్. చిన్నదాని పేరు మీద. వందకి నాలుగు."

"కొనకపోతే?"

"ఇంకో చెయ్యుంటుందిగా."

"హ్హ... హ్హహ్హ..."

"ఏంటి, నవ్వుతున్నావ్?"

"నవ్వొస్తోంది. నొప్పిలో కూడా నవ్వొస్తోంది బావా. ఇంతసేపూ ఒణికి చచ్చాను. నువ్వు కొయ్యలేవు. ఆ చివర ఎర్ర పిన్ను చూశావా?"

"చూశాను."

"దాన్ని పైకి లాగి పట్టుకుంటేనే ఈ చివర కత్తి పిడి కిందికి దిగుతుంది. పిన్ను వదిలితే పిడి బిగుసుకుపోతుంది. ఒక చెయ్యి అక్కడ, ఒక చెయ్యి ఇక్కడ. ఇది రెండు చేతుల పని. నీకున్నది ఒకటి."

"మా ఫ్యాక్టరీలో రేకులు కొట్టే ప్రెస్సూ అంతే. రెండు పక్కలా రెండు బటన్లు. రెండూ ఒకేసారి నొక్కితేనే దిగుతుంది. తలుపు బందులు కొట్టేటప్పుడు చేతులు లోపల ఉండకూడదని."

"ఆఁ, ఆ సంగతే చెప్తా విను. నీ గుట్టు నాకు తెలీదనుకోకు. పని గబగబా తెమలాలని ఒక బటన్‌కి చెక్కముక్క దిగ్గొట్టి, ఒంటి చేత్తో కొట్టేవాడివి. మీ ఫ్యాక్టరీలో అందరూ చేసేదే. అందుకే చెయ్యి పోయింది. ఆ చెక్క ఎవరికీ కనపడకుండా తీసేసింది మా అక్క. పక్క ప్రెస్సు మీద ఉన్నది తనేగా. చెక్క దొరికుంటే నీకు నష్టపరిహారం దమ్మిడీ ఇచ్చేవాళ్ళు కాదు."

"దొరికిందా?"

"దొరకలేదు."

"రిపోర్టులో ఏం రాశారు?"

"ప్రెస్సు దానంతటదే రెండుసార్లు దిగింది, తప్పు మెషిన్‌దే అని."

"రెండుసార్లు."

"అవును. ఇప్పుడు నేను వెళ్ళి చెక్క సంగతి చెప్పాననుకో, ఆ మిగిలిన ఐదు లక్షలూ కూడా కక్కాలి. అంచేత మర్యాదగా చక్రం విప్పు. ఇద్దరం మర్చిపోదాం."

"నా చొక్కా జేబులో చీటీ ఉంది. తియ్యి."

"నేనా?"

"నీ ఎడమ చెయ్యి ఖాళీగానే ఉందిగా. తియ్యి. చదువు."

"'ముప్పై లక్షలు. వందకి నాలుగు. నెలకి పదివేలు. చిన్నదానికి జీవితాంతం.' నా చేతిరాతే."

"ఎప్పుడు రాశావ్?"

"నష్టపరిహారం వచ్చాక."

"కింద తారీఖు వేశావ్. చూసి చెప్పు."

"ఇది... ఇది ప్రమాదం కంటే ముందుది. పదకొండు రోజుల ముందు."

"ఎవరడిగారు నిన్ను?"

"అక్క. 'ఎంతుంటే చిన్నదానికి సరిపోతుంది తమ్ముడూ' అంది. ఊరికే అడిగిందనుకున్నా. ముప్పై అన్నా. అంత డబ్బు ఎవరి దగ్గరుందే అని నవ్వాను."

"మా ఫ్యాక్టరీలో చేతులు కడుక్కునే చోట ఒక బోర్డుంది. ఒకసారి నాకు క్యారియర్ ఇవ్వడానికొచ్చినప్పుడు నువ్వూ చూశావ్. బొటనవేలికి ఆరు లక్షలు. చూపుడువేలికి నాలుగు. మణికట్టు దాకా అయితే?"

"బావా..."

"మణికట్టు దాకా?"

"ముప్పై."

"అదీ."

"కావాలనే పెట్టావా? నీ అంతట నువ్వే? కానీ... నీ కుడిచెయ్యి లోపలుంటే ఎడమచెయ్యి ఒక బటన్ మీదే కదా. రెండోది... చెక్క ఉంటే గాని..."

"చెక్క లేదురా."

"ఎవరో షట్టరు కొడుతున్నారు! ఎవరండీ? ఎవరది!"

"అరవక్కర్లేదు. నేనే రమ్మన్నాను."

"నేనేనండీ. చిన్నదాన్ని పక్కావిడకి అప్పజెప్పి వచ్చేసరికి ఈ వేళయింది. షట్టరు పూర్తిగా దించెయ్యనా?"

"దించెయ్."

"అక్కా! అక్కా, నువ్వా! నీకు దండం పెడతా, బావకి పిచ్చెక్కింది. ఈ చక్రం విప్పు. నేనిచ్చేస్తా అక్కా, మెషిన్ అమ్మేస్తా, దుకాణం అమ్మేస్తా, మొత్తం కట్టేస్తా..."

"అన్నం తిన్నావురా?"

"అక్కా!"

"తిన్నావా, లేదా?"

"లేదు. తిన్లేదు. ఎందుకక్కా?"

"మంచిదైంది. ఆస్పత్రిలో మత్తివ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. ఏవండీ, ఏది పట్టుకోవాలి?"

"ఆ ఎర్ర పిన్ను. పైకి లాగి పట్టుకో. నేను చెప్పేదాకా వదలకు."

"వదలను."

"అక్కా, నేను నీ తమ్ముణ్ణే... నన్ను ఎత్తుకుని పెంచావే..."

"అందుకే చెప్తున్నా, విను. చెయ్యి బిగబట్టకు నాన్నా. బిగబడితే ఒక్కసారికి పోదు, రెండోసారి దించాల్సొస్తుంది. ఆ రోజు మీ బావకి చెప్తే వినలేదు."