సరిపోయిన కిడ్నీ ముత్యాలప్పది

గత మంగళవారం ఉదయం పదకొండు గంటలకు బెంగుళూరు నుంచి రిపోర్టు వచ్చింది. నా భార్య గిరిజమ్మకు సరిపోయిన కిడ్నీ నాది కాదు. ఈరోజు ఉద్యోగం నుంచి రిటైరవుతున్న ఆమె అన్న ముత్యాలప్పది.

అధ్యక్షులు ఆదినారాయణప్ప గారికీ, ముందు వరుసలోని పెద్దలకూ, గని మిత్రులకూ నమస్కారం. ముందు మీకు దణ్ణం పెట్టి తరువాత విషయానికి రావాలని తెలుసు. ముప్పై ఏళ్ళు పత్రికకు వార్తలు రాసిన చేతికి పెద్ద వార్తను వెనక పెట్టడం రాదు, క్షమించండి.

ముత్యాలప్ప ముప్పై ఆరేళ్ళు షాఫ్టు గేటు దగ్గర సోదా జమేదారు. షిఫ్టు దిగిన ప్రతి మనిషినీ తడిమి చూసి, బంగారం ఉన్న రాయి బయటికి పోకుండా ఆపడం ఆయన పని. ఈ హాల్లో ఆయన చెయ్యి తగలని చొక్కా లేదు. (నవ్వులు) గనులు కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చిన ఏడాది వార్త కోసం లోపలికి దిగి పైకి వచ్చిన నన్ను కూడా ఆపి, బూట్లు విప్పమన్నాడు. పత్రికవాణ్ణని చెప్పాను.

"పత్రికోడికి కాళ్ళుండవా అప్పా? విప్పు!"

బూటులో ఒక గులకరాయి దొరికింది. దాన్ని వెలుతురులో పది నిమిషాలు తిప్పి చూసి తిరిగి నా చేతిలో పెట్టాడు. మరుసటి ఏడాది ఆయన చెల్లెల్నే పెళ్ళి చేసుకున్నాను.

నాకు ఈయనంటే అసూయ. ఈ మాట ఇంట్లో చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

గిరిజమ్మ కిడ్నీలు రెండూ చెడిపోయాయని తెలిసిన వారం నేను పుస్తకాలు చదివి ఆమెకు వివరించాను. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల సన్నని వడపోతలు ఉంటాయి. రెండూ కలిసి రోజుకు నూట ఎనభై లీటర్లు వడకట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకే చేర్చి, లీటరున్నర మాత్రం మూత్రంగా పంపుతాయి. అంకెలన్నీ సరైనవే. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం ముత్యాలప్ప వచ్చాడు.

"ఇదో గిరిజమ్మా, షిఫ్టు దిగినోడు గేట్లో నిలబడతాడు. మనిషి యాడికీ పోడు, జేబుల్లో ఉండేదంతా బల్లమీద పెట్టిస్తాను. బీడీలు, ఆకువక్క, చిల్లర, అన్నీ. ఇంగ వాడిది వాడికే ఎత్తిస్తాను. రాయి మాత్రం డ్రమ్ములో పడేస్తాను. కిడ్నీ కూడా ఇదే చేస్తుంది. నీళ్ళు, ఉప్పు, చక్కెర వెనక్కిస్తుంది. చెత్తను ఉచ్చలో తోసేస్తుంది."

"మరి నా కిడ్నీకేమైందిరా అన్నా?"

"నీ గేట్లో జమేదారు నిద్రపోయినాడు!"

ఆమె నవ్వింది. నేను ఆ నవ్వు విని మూడు నెలలైంది. నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పినా నాకు కనపడకుండా తాగే మనిషి, అన్న మాట విన్నాక చెంబు తానే ఎత్తి పైగూట్లో పెట్టింది.



ఆమె రక్తం 'ఓ' గ్రూపు, నాది 'బి', ఆమెకు పనికిరాదు. నమ్మకం లేక మరో రెండు లాబుల్లో పరీక్ష చేయించాను. రెండుచోట్లా బి. ముప్పై ఏళ్ళు ఒకే కంచం దగ్గర కూర్చున్నదీ, ఆస్పత్రికి నడిపించిందీ నేను. ఒప్పుకోలు కాగితంలో దాత అన్న చోట పేరు ఆయనది. కింద సాక్షిగా సంతకం పెట్టాను.

"నీది సరిపోయినా సోదా చేయకుండా పంపేవాణ్ణి కాదు బావా!" అని ముత్యాలప్ప అక్కడి నుంచే అరుస్తున్నాడు. (నవ్వులు) పంపడు, నాకు తెలుసు. జయలక్ష్మక్కా, మీ ఇంటాయన్ను మాకోసం పంపుతున్నారు. మీకు చేతులెత్తి మొక్కుతున్నాను. బావా, నీకు కూడా. అసూయ మాత్రం వెనక్కి తీసుకోను.

వచ్చే సోమవారం ఉదయం ఏడు గంటలకు ఇద్దరినీ ఆపరేషనుకు లోపలికి తీసుకెళతారు. కొత్త కిడ్నీ పని మొదలుపెట్టిందో లేదో మొదట మూత్రమే చెబుతుందట. ఆస్పత్రిలో దాన్ని గంటగంటకూ కొలిచేది నర్సులు. ఇంటికి వచ్చాక ఎవరు కొలిచి రాస్తారని డాక్టరు అడిగితే, ముత్యాలప్ప నోరు తెరిచేలోగా నా పేరు చెప్పాను. కొలత జాడీ, నోటుబుక్కూ సిద్ధంగా ఉన్నాయి. అంతా సవ్యంగా జరిగితే మూడు వారాలకు ఆమె ఇల్లు చేరుతుంది. మరునాడు ఉదయం ఆరు గంటలకు మొదటి కొలత నాది. సెలవు.