శనిని చూడని నలభై మంది

అధ్యక్షత వహించిన మా విజ్ఞానశాల డైరెక్టరు హోన్జో గారికి, ముందు వరసలోని పెద్దలకు, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నా మాట నమ్మి నక్షత్రాల కోసం మిద్దెక్కి, మబ్బుల్ని చూసి దిగిపోయిన హమానో పట్టణ ప్రజలకు, నిషివాకి అనే ఈ మనిషి నమస్కారాలు. (నవ్వులు)

నేను అలసిపోయాననీ, అందుకే రెండేళ్ళు ముందుగా విశ్రాంతి కోరుకున్నాననీ డైరెక్టరు గారు ఎంతో మర్యాదగా సెలవిచ్చారు. మర్యాద మన ఊరి జబ్బు. నేను అలసిపోలేదండీ. అసలు కారణం వేరే ఉంది. అది చెప్పకుండా ఈ మైకు వదలకూడదని పొద్దున్నుంచీ గుండె దిటవు చేసుకుంటున్నాను. కాస్త ధైర్యం చిక్కేదాకా ఒక పాత సంగతి చెబుతాను, ఓపిక పట్టండి.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఆకులు ఎర్రబడే రోజులు. ఆ సాయంత్రం శనిగ్రహాన్ని చూపిస్తామని ప్రకటించాం, ఏ దేవుడు కరుణించాడో గాని ఆకాశం కడిగినట్టుంది. వరస మెట్ల దాకా పాకింది. ఒక్కొక్కరే పీట ఎక్కడం, టెలిస్కోపుకు కన్ను ఆనించడం, ఎంత బాగుందో అనడం, నాకు వంగి దండం పెట్టి బార్లీ టీకి కిందికి దిగిపోవడం. అదిగో, మూడో వరసలో హెడ్మాస్టరు గారు, అప్పటికి కొత్త పంతులు, శని వలయం రంగును ప్రత్యేకంగా మెచ్చుకుని మరీ దిగారు. ముఖం దాచుకోకండి, వస్తున్నా అక్కడికే. (నవ్వులు) నలభై మంది అయ్యాక తోఫూ కొట్టు సుయె మామ్మగారి వంతు వచ్చింది. ఆవిడ వంగినావిడ ఎంతకీ లేవదు. వెనక దగ్గులు మొదలయ్యాయి.

"నాకేం కనపడట్లేదు నాయనా," అంది.

కళ్ళజోడు తీసి చూడమన్నాను. తీసే చూశానంది. నిదానంగా చూడమన్నాను, గొంతులో విసుగు కూడా వినపడే ఉంటుంది. ఆవిడ పీట దిగి పక్కకు జరిగింది.

"సరే, నువ్వు చూసి చెప్పు."

చూశాను. ఉత్త చీకటి. గ్రహం వెంట టెలిస్కోపును తిప్పే మోటారు తీగ నా కాలికే తగిలి ఎప్పుడో ఊడిపోయింది, శని తన దారిన తాను పోయాడు. నలభై మంది చీకటిని చూసి, బాగుందని చెప్పి, దండం పెట్టి వెళ్ళారు! (నవ్వులు) వాళ్ళని ఏమనగలం? వెనక జనం నిలబడి ఉన్నారు, తన మూలాన ఆలస్యం కాకూడదు, చూపించేవాడి మనసు నొచ్చుకోకూడదు. ఆ పీట మీద నేనున్నా అదే చేసేవాణ్ణి. కిందికి పరుగెత్తి, తప్పు నాదని ఒప్పుకుని, అందర్నీ మళ్ళీ మెట్లెక్కించాను. ఎక్కేసరికి మబ్బు.

అప్పటి నుంచే మన ఆచారం. పీట దిగినవాళ్ళు కాగితం మీది సున్నాలో తాము చూసింది గీయాలి, ఏమీ కనపడకపోతే ఖాళీగా ఇవ్వాలి, ఖాళీగా ఇచ్చినవాళ్ళకే మొదటి కప్పు టీ. మొదటి ఏడాది ఒక్కరూ ఖాళీగా ఇవ్వలేదు, కనపడనివాళ్ళు పక్కవాళ్ళది చూసి గీశారు. (నవ్వులు) మెల్లిగా అలవాటు పడ్డారు. ఇప్పుడు మన ఊళ్ళో పసిపిల్లలు కూడా, "కనపడట్లేదు, సరిగ్గా పెట్టండి," అని నన్ను దబాయిస్తారు. అది విన్నప్పుడల్లా నాకు కడుపు నిండిపోతుంది.

ఇక చెప్పేస్తాను. పోయిన వసంతం నుంచి నా కుడికంటి చూపుకు నట్టనడుమ ఒక మచ్చ. టెలిస్కోపు అంచనా మీద పెట్టి, బ్రహ్మాండంగా కనపడుతోందని ప్రకటించేవాణ్ణి. నా తోటి ఉద్యోగి మిజుషినా, అద్దం తుడుస్తానంటూ గుడ్డ పట్టుకొచ్చి, నాకు తెలియకుండా సరిచేసేది. జనవరిలో ఆమెకు జలుబు చేసి రాలేదు. ఆ సాయంత్రం వచ్చిన కాగితాలు ముప్ఫై రెండు. అందులో ఇరవై తొమ్మిది ఖాళీ. అవన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను, సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే రాజీనామా ఇచ్చాను. కన్ను చెడినందుకు కాదండీ. ఊరందరికీ కనపడలేదని చెప్పడం నేర్పి, నేను మాత్రం తొమ్మిది నెలలు చెప్పలేకపోయాను. మన్నించండి.

ఇవాళ సభకు ముందు మిజుషినా నన్ను మిద్దె మీదికి లాక్కెళ్ళింది. ఇంకా వెలుతురు ఉండగానే శుక్రుణ్ణి పట్టి పెట్టింది. చూశాక కాగితం చేతికిచ్చింది. ఖాళీగా తిరిగిచ్చాను. నా జన్మకు అదే మొదటిది. ఏ కంటితో చూశారని అడిగింది. కుడికంటితో అన్నాను, టెలిస్కోపు దగ్గర ఎప్పుడూ అదే కదా.

"మరి ఎడమది ఏం పాపం చేసిందండీ?"

ఆ కంటితోనే రోజూ పేపరు చదువుతున్నాను, అయినా ఈ బుర్రకు తట్టలేదు! టెలిస్కోపు దగ్గర మూడు దశాబ్దాలుగా మూసుకునే ఉన్న కన్ను తెరిచి ఆనించాను. బుల్లి అర్ధచంద్రుడిలా, తెల్లగా, అదురుతూ, ఉన్నాడు. ఏడ్చేశాను. మీరందరూ ఇక్కడ అరగంట ఎదురు చూసింది అందుకే, డైరెక్టరు గారి కారు ఆలస్యమై కాదు. (నవ్వులు)

మిజుషినాకు, మీ అందరికీ కృతజ్ఞతలు. వచ్చే శనివారం నుంచి మీతో పాటు వరసలో నేనూ నిలబడతాను. నా ఎడమకన్ను ఈ పనికి కొత్త, నా వంతు కాస్త ఎక్కువసేపే పడుతుంది, తొందరపెట్టకండి. సెలవు.