ఎర్రరంగు ఎవరి మీద

"జూన్ తొమ్మిదిన మా లైబ్రరీ తెరిచారు. ఆ మధ్యాహ్నం మీ అమ్మ బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు తెచ్చింది. బీరువాల మధ్య కూర్చుని తిన్నాం."

"వందసార్లు చెప్పావు నాన్నా."

కూతురు ఆఫీసు పని ఇంటికి తెచ్చుకుంది. లైబ్రేరియన్ తండ్రి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఇది?"

"ఏ లైబ్రరీకి ఎంతమంది వస్తున్నారో చూపే బార్ చార్టు. రేపటి మీటింగులో మూసేయబోయేది ఒక్కటే ఎర్రగా కనబడాలట. మిగతావన్నీ బూడిదరంగు."

"ఎర్రగా ఉన్నది రైలుగేటు దగ్గరి లైబ్రరీ కదా. అక్కడ పిల్లలు కిటకిటలాడతారే. అన్నిటికన్నా పొట్టి బార్ మాది."

"అవును."

"మరి?"

"మూసేయాల్సింది మనదే. లిస్టులో అది మూడోది కాబట్టి, మూడో బార్‌కి ఎరుపు వేయమని కోడ్ రాశాను. తర్వాత ఎత్తును బట్టి వరస మార్చాను. బార్లు జరిగాయి, రంగు మూడో చోటే ఉండిపోయింది. మా ఆఫీసువాళ్లు అంకెలు చూడరు నాన్నా, ఎరుపునే చూస్తారు."

"అంటే పొరపాటు."

"మనకి కలిసొచ్చిన పొరపాటు. ఇలాగే పంపేస్తే?"

"మన ఇల్లు నిలబెట్టుకోడానికి పక్కవాడి వాసాలు పీకుతామా?"

"అమ్మ పోయాక నీకు మిగిలింది ఆ లైబ్రరీ ఒక్కటే."

"నువ్వు లేవూ? మార్చమ్మా. ఈసారి వరస సంఖ్య కాదు, మా పేరే రాయి."

కీబోర్డు కాసేపు టకటకలాడింది.

"అయింది. ఎరుపు కాస్త లేతగా వేశాను."

"బాగుంది. అంత చాలు. ఇక పడుకో."

ఆమె ముక్కు ఎగబీల్చడం విననట్టే, ఆయన తలుపు మెల్లగా దగ్గరగా వేశాడు.