ముగ్గురికీ ఒకే ముగింపు

"మళ్ళీ టోస్టర్ విప్పావా? పొద్దున పిల్లకి బ్రెడ్డు దేనిమీద కాల్చను?"

"లోపల ఏదో చప్పుడు, మార్నీ. చూద్దామని..."

"దొంగమైకులు వెతకడం సీరియల్లో చెల్లింది. ఇది మన వంటిల్లు, డెస్!"

వాంకూవర్‌లో వాన తెరిపివ్వలేదు. ఒక పెద్ద సీరియల్లో అప్పుడప్పుడూ వచ్చి, ప్రభుత్వ రహస్యాలు తవ్వుతూ నవ్వించిన ముగ్గురు తిక్క పరిశోధకులకు ఛానెల్ సొంత సీరియల్ ఇచ్చింది. చూసేవాళ్ళు లేరని ఆర్నెల్లు తిరక్కుండానే ఆపేసింది. ఆ ముగ్గురిలో పొట్టివాడి వేషం డెస్‌ది.

"ఇందాక ఫోన్ ఎవరు?"

"పెద్ద సీరియల్ వాళ్ళే. ఒక్క ఎపిసోడ్‌కి రమ్మంటున్నారు."

"మంచిదేగా!"

"మమ్మల్ని చంపెయ్యడానికి."

మార్నీ చేతిలో గరిటె ఆగింది.

"వెళ్ళకు. రోడ్డున పడేసింది చాలక చంపడానికి కూడా పిలుస్తారా?"

"వెళ్ళకపోతే, 'వాడు ముందే పోయాడు' అని ఎవరిచేతో ఒక్క ముక్కలో అనిపిస్తారట. మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు."

"వాళ్ళిష్టం."

"మా ముగ్గురిలో ముసలాడు ఏమన్నాడో తెలుసా? 'నువ్వు లేకుండా చావాలంటే భయంగా ఉందిరా' అన్నాడు."

మార్నీకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. భోజనాల బల్ల సర్దింది.

బంగాళాదుంపలు వడ్డించుకుంటూ డెస్ గొంతు సవరించుకున్నాడు.

"టిల్లీ, వచ్చేవారం నేను చనిపోతున్నానమ్మా. టీవీలో."

"నొప్పెడుతుందా నాన్నా?"

"లేదు. వాళ్ళిద్దరూ నా పక్కనే ఉంటారు."

"నేనూ చూడ్డానికి రావచ్చా?"

డెస్ భార్య వంక చూశాడు.

"అందరం వెళ్తున్నాం," అంది మార్నీ. "ఆ ముసలాయనకి భోజనం కూడా పట్టుకెళ్దాం."