గేటు దగ్గర ఏడ్చింది ఎవరు

అధ్యక్షులుగా ఉన్న హెడ్‌మాస్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డ తోటి తల్లులకు నమస్కారం. ఈ బడి పిల్లలకు యూనిఫారాలు కుట్టేది నేనేనని మీకందరికీ తెలుసు. హైస్కూలుతో చదువు ఆపినదాన్ని ఇంగ్లీషు టీచరుగారి పదవీ విరమణ సభలో మాట్లాడమన్నారంటే, ఆవిడ దగ్గర చదివి ఇక్కడే చిన్న టీచరైన అమ్మాయికి తల్లిని కాబట్టి. టీచరుగారు పక్క పట్నంలో ఇంగ్లీషు తరగతులు పెడుతున్నారు, మా అమ్మాయిని తోడు రమ్మన్నారు, తన ఇంట్లోనే ఉండమన్నారు. ‘అమ్మను అడిగి చెబుతా’నని అది ఆగింది. ఆ జవాబు ఈ రోజే చెప్పాలి.

ఎనిమిదో తరగతి నుంచీ మా ఇంట్లో ఒకటే పాట, మా టీచర్ ఇలా అన్నారు, మా టీచర్ అలా అన్నారు అని. వాక్యంలో ఏ మాట ఎవరి పక్కన ఉండాలో ఈవిడ నేర్పేవారు. ‘ఈటింగ్ గ్రాస్, ది డ్రైవర్ సా ఎ కౌ’ అని బోర్డు మీద రాసి, గడ్డి తిన్నది ఎవరని అడిగేవారట. అలా రాస్తే తిన్నది డ్రైవరేనట. బడి వ్యాను నడిపే తమ్ముడూ, తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నావు గానీ, పిల్లలు అప్పుడు తలుచుకున్నది నిన్నే. (నవ్వులు) ఆ గడ్డి ముక్కను ఆవు పక్కకు జరిపి, ‘ది డ్రైవర్ సా ఎ కౌ ఈటింగ్ గ్రాస్’ అంటే నీ పరువు దక్కుతుంది. ఇది చెబుతూ మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. నేను చెప్పిన ఏ మాటకూ అది అంతగా నవ్వి ఎరగదు.

నేను రోజూ ప్రార్థన చేసుకునే మనిషిని. ఒక ఏడాది, ‘స్వామీ, మా బడిలో ఆ పెద్ద టీచరుగారిని ఎక్కడికైనా మంచి ఊరికి పంపించు’ అని వేడుకున్నాను. బదిలీ వచ్చింది, లెక్కల టీచరుగారికి. ఆవిడ ఈవిడకంటే ఆరు నెలలు పెద్దట. (నవ్వులు) ‘ఇంగ్లీషు’ అన్న మాట నేను పెట్టాల్సిన చోట పెట్టలేదు.

ఆ ఏడాదే మా అమ్మాయి, చిన్నప్పుడు తను బడిలో చేరిన మొదటి రోజు గురించి వ్యాసం రాసింది. ‘క్రయింగ్ బిట్టర్లీ, మై మదర్ లెఫ్ట్ మీ ఎట్ ది గేట్’ అని. టీచరుగారు ఎర్ర సిరాతో చుట్టారు. ఇలా రాస్తే ఏడ్చింది అమ్మ అవుతుంది, ఇంతకీ ఏడ్చింది ఎవరు అని అడిగారట. ‘నేనే’ అందట మా అమ్మాయి. ‘నేను ఏడుస్తుంటే అమ్మ నన్ను గేటు దగ్గర వదిలింది’ అని దిద్దించారు. ఆ సంగతి ఇంటికొచ్చి సంబరంగా చెబితే నేను మిషను ఆపకుండా విన్నాను. టీచరుగారూ, ఆ రోజు మా అమ్మాయి ఏడవలేదు. చెయ్యి విడిపించుకుని లోపలికి పరిగెత్తింది. ఏడ్చింది నేను.

నిన్న దాని బట్టలు మడత పెడుతూ అడిగాను, నీకది గుర్తులేక అలా చెప్పావా అని.

‘గుర్తుంది. గేటు సందులోంచి చూశా. నువ్వు ఏడిస్తే ఆ సంగతి ఆవిడకెందుకు చెప్పాలమ్మా?’ అంది.

ఈ మాట మీరు వినాలనే ఇంతసేపు మైకు పట్టుకున్నాను టీచరుగారూ, ఏమీ అనుకోకండి. మీతో చెప్పకుండా మా అమ్మాయి నా కోసం దాచుకున్నది ఒకటుంది. అది చాలు నాకు, పిల్లను తీసుకెళ్ళండి. అసూయ పోయిందా అంటే, దేవుడి ఎదుట అబద్ధమాడను, పోలేదు. ఆ అసూయను నా దగ్గరే ఉంచుకుని పిల్లను పంపిస్తున్నాను.

ఓపికగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.